అంతరిక్ష విహారం: వెనక మిగిలే మసి ఎంత?

2021 జులై 11న శిరీష బండ్ల న్యూమెక్సికో ఎడారి మీదుగా దాదాపు 86 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లి దిగినప్పుడు తెలుగువాళ్లు పండగ చేసుకున్నారు. 2024 మే 19న, విజయవాడలో పుట్టిన తోటకూర గోపీచంద్ టెక్సాస్ నుంచి ఎగిరి, అంతరిక్షానికి హద్దుగా చెప్పే వంద కిలోమీటర్ల గీత దాటి వచ్చినప్పుడూ అంతే. రెండు ప్రయాణాల్లోనూ బరువు తెలియకుండా గాలిలో తేలింది కొద్ది నిమిషాలే. అయితే ఆ ఇద్దరినీ పైకి మోసిన ఇంజిన్లు ఒక జాతివి కావు. శిరీష ఎక్కిన వర్జిన్ గెలాక్టిక్ నౌకలో మండింది కృత్రిమ రబ్బరు. గోపీచంద్ ఎక్కిన బ్లూ ఆరిజిన్ రాకెట్‌లో మండింది ద్రవ హైడ్రోజన్. మొదటిది వెనక మసిని వదిలి వస్తుంది, రెండోది నీటి ఆవిరిని.

అంతరిక్ష పర్యాటకం పర్యావరణానికి చేటా అని ఎవరైనా అడిగితే ఒక్క మాటలో జవాబు చెప్పలేకపోవడానికి కారణం ఇదే. ఎంతమంది వెళ్లారు, టికెట్ ఎంత, వాళ్లు ఎంత ధనవంతులు అన్నవి పత్రికల్లో ఎక్కువగా నలిగే సంగతులు. వాతావరణానికి వాటితో పని లేదు. ఏది మండింది, ఎంత ఎత్తున మండింది అన్న రెండు విషయాలే దానికి ముఖ్యం. ఈ రెండింటిలోనూ ఎక్కువ చిక్కులున్నది శిరీష ప్రయాణించిన నౌకలోని హైబ్రిడ్ ఇంజిన్‌కే.

మామూలు ఘన ఇంధన రాకెట్‌లో ఇంధనాన్నీ, దాన్ని మండించే ఆక్సీకారిణినీ ముందే కలిపి ముద్దగా పోతపోస్తారు. ఒకసారి అంటుకుంటే అయిపోయేదాకా మండాల్సిందే, మధ్యలో ఆపే మార్గం లేదు. ద్రవ ఇంధన రాకెట్‌లో రెండూ వేర్వేరు ట్యాంకుల్లో ఉంటాయి. పంపులు, గొట్టాలు, కవాటాలతో యంత్రం జటిలమవుతుంది, ఖరీదూ పెరుగుతుంది. హైబ్రిడ్ ఈ రెండింటికీ మధ్యది. ఇంధనం ఘనం, ఆక్సీకారిణి ద్రవం. గట్టి రబ్బరు దిమ్మకు మధ్యలో పొడవునా బొరియ ఉంటుంది. పైనున్న ట్యాంకు కవాటం తెరిస్తే ఆక్సీకారిణి ఇంజెక్టర్ గుండా ఆ బొరియలోకి చిమ్ముతుంది. నిప్పు రాజేస్తే బొరియ గోడలు ఆవిరవుతూ మండుతాయి, వేడి వాయువులు నాజిల్ నుంచి వెనక్కి తన్నుకొస్తాయి. కవాటం మూస్తే మంట ఆగిపోతుంది. పైలట్ తన చేతుల్లో ఉంచుకోగలిగిన రాకెట్ ఇది. మనుషులను ఎక్కించాలనుకునేవారికి ఇంతకంటే ఆకర్షణ ఏముంటుంది!

ఆలోచన కొత్తది కాదు. 1933 ఆగస్టులో సోవియట్ ఇంజినీర్లు గిర్డ్-09 అనే చిన్న రాకెట్‌ను ఇదే పద్ధతిలో ఎగరేశారు. ఆ తర్వాత దశాబ్దాలపాటు ఇది ప్రయోగశాలల్లోనే ఎక్కువగా మిగిలిపోయింది. 2004లో అమెరికా విమాన రూపకర్త బర్ట్ రుటాన్ తయారుచేసిన స్పేస్‌షిప్‌వన్ నౌక రెండు వారాల వ్యవధిలో రెండుసార్లు వంద కిలోమీటర్లు దాటి కోటి డాలర్ల ఎక్స్ ప్రైజ్ గెలిచాకే ప్రపంచం హైబ్రిడ్ వైపు చూసింది. అందులోని ఇంధనం హెచ్‌టీపీబీ అనే కృత్రిమ రబ్బరు. ఆక్సీకారిణి నైట్రస్ ఆక్సైడ్, దంతవైద్యులు మత్తుకు వాడే నవ్వు పుట్టించే వాయువే.

ఈ రబ్బరు తెలుగు నేలకు అపరిచితమైనదేమీ కాదు. పీఎస్‌ఎల్‌వీ మొదటి దశలోనూ, ఎల్‌వీఎం3 రాకెట్‌కు ఇరుపక్కలా ఉండే ఎస్200 బూస్టర్లలోనూ ఇదే హెచ్‌టీపీబీని అమ్మోనియం పెర్క్లోరేట్, అల్యూమినియం పొడితో కలిపి శ్రీహరికోటలో పోతపోస్తారు. ఘన రాకెట్‌లో రబ్బరు పొడులన్నిటినీ పట్టి ఉంచే బంధకం మాత్రమే, మొత్తం బరువులో దాని వాటా తక్కువ. హైబ్రిడ్‌లో అయితే ఇంధనమంతా అదే. ఇస్రో కూడా 2022 సెప్టెంబరు 20న తమిళనాడులోని మహేంద్రగిరిలో 30 కిలోన్యూటన్ల హైబ్రిడ్ మోటారును 15 సెకన్లపాటు మండించి చూసింది. అందులో ఇంధనం హెచ్‌టీపీబీయే గాని ఆక్సీకారిణి నైట్రస్ ఆక్సైడ్ కాదు, ద్రవ ఆక్సిజన్. ఈ తేడా ఎందుకు ముఖ్యమో ముందు ముందు తెలుస్తుంది.

కాగితం మీద ఇంత అందంగా కనిపించే ఇంజిన్ పరీక్షా వేదిక మీదకు ఎక్కగానే మొండికేస్తుంది. మొదటి ఇబ్బంది, రబ్బరు చాలా నెమ్మదిగా తరుగుతుంది. బొరియ గోడ సెకనుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున మాత్రమే వెనక్కి జరుగుతుంది. మంట గోడను నేరుగా తాకదు. గోడ నుంచి లేచే ఇంధన ఆవిరికీ, మధ్యలో పారే ఆక్సీకారిణికీ నడుమ పలుచని పొరగా నిలబడుతుంది. గోడ ఎంత ఆవిరైతే ఆ ఆవిరి మంటను అంత దూరం నెడుతుంది, గోడకు చేరే వేడి అంత తగ్గుతుంది. అంటే ఇంజిన్ తన వేగానికి తానే కళ్లెం వేసుకుంటుంది. కావలసిన బలం రావాలంటే మండే ఉపరితలాన్ని పెంచాలి. అందుకు ఒకే దిమ్మలో అనేక బొరియలు పెట్టాల్సి వస్తుంది. చివర్లో ఆ బొరియల మధ్య గోడలు పలచబడి ముక్కలుగా విరిగి నాజిల్ వైపు కొట్టుకుపోయే ప్రమాదం మొదలవుతుంది.

రెండో ఇబ్బంది, మండుతున్న కొద్దీ బొరియ వెడల్పవుతుంది. మొదటి సెకనులో ఉన్న ఇంధన, ఆక్సీకారిణుల పాళ్లు యాభయ్యో సెకనులో ఉండవు. మధ్యధారలో ఆక్సిజన్ మిగులుతుంది, గోడ పక్కన ఇంధనం మిగులుతుంది. రెండూ పూర్తిగా కలవకముందే నాజిల్ దాటిపోతాయి. కిరోసిన్ లాంతరు వత్తిని ఎక్కువ పెంచితే చిమ్నీ నల్లబడటం చూసినవాళ్లకు తర్వాత ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. గాలి చాలని మంటలో కార్బన్ పూర్తిగా కాలక మసిగా మిగులుతుంది. ఇంజిన్ సామర్థ్యం తగ్గడం, మసి పెరగడం ఒకే లోపానికి రెండు ముఖాలు. పర్యావరణ చర్చలో ఈ సంగతి తరచూ మరుగున పడిపోతుంది. మసిని తగ్గించమని అడగడమంటే కంపెనీని త్యాగం చేయమనడం కాదు, ఇంజిన్‌ను మెరుగుపరచమనడమే.

పరీక్షల్లో థ్రస్ట్‌ను, అంటే ఇంజిన్ తోసే బలాన్ని కొలిచే లోడ్ సెల్స్, దహన గదిలో పీడనాన్ని క్షణక్షణం పట్టే సెన్సర్లు, గోడల వేడిని చూసే థర్మోకపుల్స్ ఉంటాయి. పీడనం రేఖ నున్నగా సాగుతోందా, ఊగిసలాడుతోందా అన్నదాని మీదే ఇంజినీర్ల కళ్లన్నీ. చిన్న ఇంజిన్‌లో నిలకడగా మండిన ఇంధనం దాన్ని పెద్దది చేయగానే గుడగుడలాడటం హైబ్రిడ్‌లకు పాత రోగం. వర్జిన్ గెలాక్టిక్ తన స్పేస్‌షిప్‌టూ తరహా నౌకల కోసం (శిరీష ఎక్కినదీ ఆ తరహాదే) తొలుత రబ్బరుతోనే మొదలుపెట్టి, 2014లో పాలీఅమైడ్ అనే ప్లాస్టిక్ ఇంధనానికి మారి, మళ్లీ రబ్బరుకే తిరిగొచ్చింది. పాలీఅమైడ్‌తో తొలిసారి ఎగిరిన 2014 అక్టోబరు 31నే ఆ నౌక గాలిలో ముక్కలై ఒక పైలట్ మరణించాడు. ఆ నెపం ఇంజిన్ మీదకు పోయింది గాని, విచారణలో తేలింది వేరు. కిందికి దిగేటప్పుడు నౌకను నెమ్మదింపజేయడానికి పైకి లేవాల్సిన తోక భాగానికి వేసిన గొళ్లేన్ని సహపైలట్ ముందుగానే తీశాడు. అలాంటి పొరపాటు ఒకటి జరగవచ్చని డిజైన్‌లో ఊహించలేదని విచారణ సంస్థ తప్పుపట్టింది.

ఇంజిన్‌వైపు అసలు గుణపాఠం అంతకు ఏడేళ్ల ముందే అందింది. 2007 జులై 26న కాలిఫోర్నియాలోని మోహవీలో రుటాన్ స్థాపించిన స్కేల్డ్ కాంపోజిట్స్ సంస్థ స్పేస్‌షిప్‌టూ ఇంజిన్ కోసం ఒక పరీక్ష చేస్తోంది. ఇంజిన్ మండించే పరీక్ష కూడా కాదు. నిప్పు లేదు, రబ్బరు లేదు. ఇంజెక్టర్ గుండా నైట్రస్ ఆక్సైడ్ సక్రమంగా పారుతోందో లేదో చూసే పరీక్ష మాత్రమే. ట్యాంకు పేలింది. ముగ్గురు చనిపోయారు, మరో ముగ్గురు గాయపడ్డారు. హైబ్రిడ్ అంటే పేలని రాకెట్ అన్న పేరు ఆ రోజుతో పోయింది.

నైట్రస్ ఆక్సైడ్ సంగతే అంత. గది ఉష్ణోగ్రతలో ట్యాంకులో సుమారు 50 రెట్ల వాతావరణ పీడనంతో తనను తానే బయటికి నెట్టుకుంటుంది, పంపు అక్కర్లేదు. ద్రవ ఆక్సిజన్‌లా మైనస్ 183 డిగ్రీల చలిలో దాచనక్కర్లేదు. ఈ సౌకర్యాలకే ఇంజినీర్లు దానికి ఓటు వేశారు. అయితే 36 డిగ్రీలు దాటితే అది ద్రవంగా నిలవదు. పైగా ఆ అణువు తనంతట తాను విడిపోయి వేడిని విడుదల చేయగలదు. కలుషితమైన ఉపరితలం, ఒక చోట చిక్కుకున్న వేడి ఆవిరి, హఠాత్తుగా పెరిగిన పీడనం తోడైతే చాలు, ఆక్సీకారిణి అనుకున్నదే ఇంధనమూ అవుతుంది. నత్తగుల్లలా నిద్రపోయే రబ్బరును చూసి భద్రం అనుకున్నవాళ్లు ట్యాంకులో ఉన్నదాన్ని తక్కువ అంచనా వేశారు.

ఇక ఆకాశంలోకి వద్దాం. శిరీష ఎక్కిన నౌక పేరు యూనిటీ. అది నేల మీద నుంచి లేచేది కాదు. పెద్ద విమానం దాన్ని మోసుకుని 13, 14 కిలోమీటర్ల ఎత్తుకు తీసుకెళ్లి వదిలేది. అప్పుడు ఇంజిన్ నిమిషంపాటు మండి సుమారు 40 కిలోమీటర్ల ఎత్తు దాటేదాకా తోసేది. మిగిలిన దూరమంతా ఆ ఊపుతోనే. ఈ పద్ధతి వల్ల ఇంధనం ఆదా అయ్యే మాట నిజమే. అయితే ఇంజిన్ మండే ఆ ఒక్క నిమిషంలో వచ్చే పొగలో ఎక్కువ భాగం ఎక్కడ పడుతోందో గమనించండి. వాన, మేఘాలు ఉండే ట్రోపో ఆవరణాన్ని చాలావరకు విమానమే దాటించేసింది. మంటలో ఎక్కువ భాగం ఓజోన్ పొర ఉండే స్ట్రాటో ఆవరణంలోనే.

మన వీధుల్లో బస్సు వదిలిన మసి కొద్ది రోజుల్లో, మహా అయితే రెండు మూడు వారాల్లో వానకు కడిగేసుకుపోతుంది. స్ట్రాటో ఆవరణంలో వాన లేదు. అక్కడ చేరిన మసి ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. సూర్యకాంతిని పీల్చుకుని చుట్టూ ఉన్న గాలిని వేడెక్కిస్తుంది. 2022లో లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన ఎలొయిస్ మరే బృందం ప్రచురించిన అధ్యయనం ప్రకారం, రాకెట్లు వదిలే మసి వాతావరణాన్ని వేడెక్కించడంలో నేల మీద, విమానాల నుంచి వచ్చే మసి కంటే దాదాపు 500 రెట్లు సమర్థమైనది.

అందుకే కార్బన్ డయాక్సైడ్ లెక్క ఇక్కడ తప్పుదారి పట్టిస్తుంది. ఒక్కో ప్రయాణికుడి వాటా అట్లాంటిక్ దాటే విమానంలో బిజినెస్ తరగతి టికెట్‌కు సమానమంటూ పరిశ్రమవైపు నుంచి వినిపించిన పోలిక వినడానికి ఇంపుగానే ఉంటుంది. విమర్శకులు కూడా అదే కొలబద్దను పట్టుకుని, ఇన్ని నిమిషాలకు ఇన్ని టన్నులా అని వాదనకు దిగుతారు. ఇద్దరూ తప్పు వస్తువును తూస్తున్నారు. 2010లో మార్టిన్ రాస్, మైఖేల్ మిల్స్, డారిన్ టూహే చేసిన గణన ఈ సంగతిని తేటతెల్లం చేసింది. ఏటా వెయ్యి హైబ్రిడ్ ప్రయాణాలు ఒకే ప్రాంతం నుంచి జరిగితే 600 టన్నుల మసి పైన చేరుతుందని వాళ్లు లెక్క వేశారు. పదేళ్లు అలా సాగితే ఆ మసి వల్ల కలిగే వేడి ప్రభావం, అవే రాకెట్లు వదిలే కార్బన్ డయాక్సైడ్ ప్రభావం కంటే సుమారు లక్ష రెట్లు ఎక్కువ. ప్రపంచంలోని విమానయానమంతా కలిగించే ప్రభావంతో అది పోల్చదగినది. ఉష్ణమండలంలో ఓజోన్ ఒక శాతం వరకు తగ్గుతుందనీ, ధ్రువాల దగ్గర ఆరు శాతం వరకు పెరుగుతుందనీ కూడా ఆ నమూనా చూపింది.

ఈ అంకెలను భయపెట్టడానికి వాడుకునేవాళ్లు ఒక చిన్న విషయం వదిలేస్తారు. వెయ్యి ప్రయాణాలన్నది ఊహ. యూనిటీ వాణిజ్యపరంగా చేసిన అంతరిక్ష ప్రయాణాలు ఏడే. మొదటిది 2023 జూన్ 29న, చివరిది 2024 జూన్ 8న. ఇంతవరకు జరిగిన హైబ్రిడ్ విహారం వల్ల వాతావరణానికి కొలవదగ్గ హాని జరిగిందని చెప్పలేం. ఉపగ్రహాలను మోసుకెళ్లే కిరోసిన్ రాకెట్లు వదిలే మసి ముందు అది లెక్కలోకి రాదు. 2024లో ప్రపంచవ్యాప్తంగా కక్ష్యలోకి సాగిన ప్రయోగాలే 250 దాటాయి. ఇప్పుడు వేడుకగా ఎగిరేవాళ్ల మీద కోపం తెచ్చుకుంటే మనసు తేలికపడుతుందేమో గాని, అసలు మసి మాత్రం ఇంటర్నెట్ ఉపగ్రహాల రాకెట్ల నుంచి ఎక్కువగా వస్తోంది.

రెండో విషయం ఇంకా ముఖ్యమైనది. 2010 నాటి గణనలో ప్రతి కిలో చోదకానికి (ఇంధనం, ఆక్సీకారిణి కలిపి) 60 గ్రాముల మసి వస్తుందని తీసుకున్నారు. మిగతా ఫలితమంతా ఆ ఒక్క అంకె మీదే నిలబడింది. ఆ 60 గ్రాములు ఎగిరే యూనిటీ వెనక వెళ్లి పట్టి తూచినవి కావు. నేల మీది పరీక్షలో మసిని కొలిస్తే చాలదా అంటే, చాలదు. నేల మీద నాజిల్ దాటిన వేడి మసికి చుట్టూ పుష్కలంగా ఆక్సిజన్ దొరుకుతుంది, చాలా భాగం అక్కడే రెండోసారి మండిపోతుంది. 30 కిలోమీటర్ల ఎత్తున గాలి సాంద్రత నేల మీద ఉన్నదాంట్లో వందలో ఒకటిన్నర వంతే. మసికి మండే అవకాశమే ఉండదు, ఉన్నది ఉన్నట్లు మిగిలిపోతుంది. ఎడారిలో తెల్లగా మెరిసిన మంటను చూసి ఆకాశంలోనూ అంతే శుభ్రంగా ఉంటుందనుకోవడానికి వీల్లేదు.

నైట్రస్ ఆక్సైడ్‌కు కూడా ఒక పద్దు ఉంది. వందేళ్ల లెక్కన అది కార్బన్ డయాక్సైడ్ కంటే 270 రెట్లకు పైగా వేడెక్కించే వాయువు. ఓజోన్‌ను హరించే వాటిలో నేడు మనిషి అత్యధికంగా వదులుతున్నది అదేనని 2009లో ఎ.ఆర్. రవిశంకర బృందం తేల్చింది. అయితే ఇక్కడ న్యాయంగా మాట్లాడాలి. ఇంజిన్‌లోకి వెళ్లిన నైట్రస్ ఆక్సైడ్‌లో అధిక భాగం వేడికి నైట్రోజన్, ఆక్సిజన్‌లుగా విడిపోతుంది. బెంగ పడాల్సింది ట్యాంకు అడుగున మిగిలి, మంట ఆగాక బయటికి వదిలేసే భాగం గురించి. అయినా పొలాల్లో వేసే ఎరువుల నుంచి లేచే నైట్రస్ ఆక్సైడ్ ముందు అది సముద్రంలో కాకిరెట్ట.

హైడ్రోజన్ రాకెట్ ఎక్కితే పాపం అంటదా? మసి అంటదు, నిజమే. అయితే ఆ హైడ్రోజన్‌ను ప్రపంచంలో ఎక్కువగా సహజ వాయువు నుంచే తీస్తున్నారు, అందువల్ల కార్బన్ నేల మీదే విడుదలైపోతుంది. పైన వదిలే నీటి ఆవిరి ఎండిన స్ట్రాటో ఆవరణానికి కొత్త చుట్టమే. అదీకాక, ఏ రాకెట్ భాగమైనా వేగంగా తిరిగి దిగేటప్పుడు ఆ రాపిడి వేడికి గాలిలోని నైట్రోజన్ ఆక్సైడ్‌లుగా మారుతుంది, అవి ఓజోన్‌ను తింటాయి. ఇవన్నీ ఉన్నా, ఇదే పనికి మసి వదలని ఇంజిన్ అందుబాటులో ఉన్నప్పుడు మసి వదిలేదాన్ని ఎంచుకోవడానికి గట్టి కారణం చూపాలని నా అభిప్రాయం.

హైబ్రిడ్‌ను తుడిచిపెట్టమని దీని అర్థం కాదు. ఘన రాకెట్లలోని పెర్క్లోరేట్ వదిలే క్లోరిన్ దీనిలో లేదు, అది చిన్న మేలు కాదు. ఇస్రో ఎంచుకున్నట్లు ద్రవ ఆక్సిజన్‌తో నడిపితే నైట్రస్ ట్యాంకు భయమూ పోతుంది. కొవ్వొత్తుల్లో వాడే పారఫిన్ మైనాన్ని ఇంధనంగా వాడితే ఉపరితలం కరిగి సన్నని తుంపరగా లేచి రబ్బరు కంటే మూడు, నాలుగు రెట్లు వేగంగా ఖర్చవుతుందని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చూపారు. ఒకే బొరియ చాలు. జర్మనీ సంస్థ హైఇంపల్స్ 2024 మేలో ఆస్ట్రేలియా నుంచి ఎగరేసిన రాకెట్ మైనం, ద్రవ ఆక్సిజన్‌లతో నడిచిందే. మైనంలోనూ కార్బన్ ఉంది కాబట్టి మసి సమస్య మాయం కాదు. కలయిక మెరుగైతే ఎంత తగ్గుతుందో కొలిచి చెప్పాలి.

యూనిటీ తర్వాత రానున్న డెల్టా తరగతి నౌకలు ఒక్కొక్కటి నెలకు 8 సార్లు వరకు ఎగరగలవని కంపెనీ చెబుతోంది. రెండు నౌకలనుకుంటే ఏడాదికి 192 ప్రయాణాలు. 2010 నాటి అంచనానే పట్టుకుంటే ఒక్కో ప్రయాణానికి 600 కిలోల చొప్పున ఏటా 115 టన్నుల మసి. ఆ అంచనా సగానికి సగం తప్పయినా అది విస్మరించదగ్గది కాదు. ఓజోన్‌ను కాపాడే మాంట్రియల్ ఒప్పందం రాకెట్ పొగను అదుపు చేయదు. ప్రయోగానికి అనుమతి ఇచ్చేటప్పుడు అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ జరిపే పర్యావరణ సమీక్ష చాలావరకు నేల చుట్టూనే తిరుగుతుంది. 1990ల చివర్లో డబ్ల్యుబీ-57 పరిశోధనా విమానాలు ఘన ఇంధన రాకెట్ల పొగలోకి దూరి స్ట్రాటో ఆవరణంలోనే నమూనాలు తీసుకున్నాయి. అదే పనిని హైబ్రిడ్ నౌక వెనక కూడా చేయించి, కిలోకు ఎన్ని గ్రాములో తేల్చాకే వారానికి రెండు ప్రయాణాలకు అనుమతి ఇవ్వాలి. ఒక్కో సీటుకు లక్షల డాలర్లు వసూలు చేసిన పరిశ్రమ ఆ కొలతల ఖర్చు భరించలేనంటే నమ్మడం కష్టం.